ముందు జాక్‌ను చూడండి, తర్వాతే సర్వర్‌ను

ప్రశ్న: ఉబుంటు 24.04 ఉన్న డెస్క్‌టాప్‌లో రోజుకు మూడు నాలుగుసార్లు సౌండ్ ఆగిపోతోంది. ఒక్కోసారి దానంతటదే వస్తుంది, ఒక్కోసారి సిస్టమ్ రీస్టార్ట్ చేయాల్సిందే. హెడ్‌ఫోన్ ఎప్పుడూ ముందువైపు జాక్‌కే ఉంటుంది. పల్స్‌ఆడియో మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటున్నారు. చేయమంటారా?
- ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం

జవాబు: వద్దండి. ఉబుంటులో సౌండ్ సర్వర్ (ప్రోగ్రామ్‌ల సౌండ్‌ను స్పీకర్‌కో హెడ్‌ఫోన్‌కో చేర్చే ప్రోగ్రామ్) 22.10 వెర్షన్ నుంచి పైప్‌వైరే; అంతకుముందు ఆ పని పల్స్‌ఆడియోది. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండో) 'పీఏసీటీఎల్ ఇన్ఫో' కొడితే సర్వర్ పేరు దగ్గర 'పల్స్‌ఆడియో' అని కూడా కనిపిస్తుంది. పాత ప్రోగ్రామ్‌లు పనిచేయడానికి పైప్‌వైర్ వాడే పేరది, కంగారు పడకండి.

సౌండ్ ఆగగానే రీస్టార్ట్ చేస్తే కారణం కూడా చెరిగిపోతుంది. అందుకే ఒక టెర్మినల్‌లో 'పీఏసీటీఎల్ సబ్‌స్క్రైబ్' నడుస్తూ ఉండనివ్వండి. వరుసలు చాలానే వస్తాయి. మీకు కావలసింది 'కార్డ్' అనే మాట ఉన్న 'ఛేంజ్' వరుస. పిన్ ముట్టుకోకుండానే, సౌండ్ ఆగిన క్షణంలోనే అది పడిందంటే తప్పు జాక్‌ది. హెడ్‌ఫోన్ తీసేశారనుకుని సిస్టమ్ సౌండ్‌ను వేరే దారికి మళ్లిస్తోంది. మీది సముద్రం పక్క ఇల్లు. ఉప్పుగాలికి, తేమకు జాక్ లోపలి రేకులు త్వరగా చిలుము పడతాయి కాబట్టి నా అనుమానం మొదట దీనిమీదే. సిస్టమ్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పిన్ తుడిచి, పదిసార్లు పెట్టి తీయండి. పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. తర్వాత రెండు రోజులు వెనకవైపు జాక్ వాడి చూడండి. అక్కడ ఇబ్బంది లేకపోతే ముందు ప్యానెల్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే ఆడియో కేబుల్‌ను ఒకసారి తీసి గట్టిగా పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే ప్యానెల్ మార్చాల్సిందే.

కార్డ్ వరుస పడకపోతే 'పీడబ్ల్యూ-టాప్' తెరవండి. 'ఈఆర్ఆర్' గడిలో అంకె పెరుగుతుంటే డేటా సమయానికి అందడం లేదు. అదే వరుసలో 'క్వాంట్' గడిలో (ఒక్కో విడతలో పంపే సౌండ్ శాంపిళ్ల సంఖ్య) 256 ఉంటే 48,000 హెర్ట్జ్ దగ్గర సర్వర్‌కు దొరికేది 5 మిల్లీసెకన్లే. 1024 అయితే 21. 'పీడబ్ల్యూ-మెటాడేటా -ఎన్ సెట్టింగ్స్ 0 క్లాక్.మిన్-క్వాంటమ్ 1024' కొట్టి చూడండి. ఇది పైప్‌వైర్ మళ్లీ మొదలయ్యేదాకే ఉంటుంది కనుక ప్రయోగానికి భయం లేదు. అయితే ఈ లోపానికి సాధారణంగా చిటపటలు వినిపిస్తాయి, పూర్తి నిశ్శబ్దం అరుదు.

రెండూ కాకపోతే 'జర్నల్‌సీటీఎల్ --యూజర్ -యు పైప్‌వైర్ -యు వైర్‌ప్లంబర్'లో సౌండ్ ఆగిన సమయం దగ్గర ఏముందో చదివి, ఆ వరుసలు మాకు పంపండి. వైర్‌ప్లంబర్ అంటే సౌండ్ ఏ దారిన వెళ్లాలో పైప్‌వైర్‌కు చెప్పే తోడు ప్రోగ్రామ్. ఈలోగా సిస్టమ్ మొత్తం ఆపక్కర్లేదు: 'సిస్టమ్‌సీటీఎల్ --యూజర్ రీస్టార్ట్ పైప్‌వైర్ పైప్‌వైర్-పల్స్ వైర్‌ప్లంబర్' చాలు. ఆదేశం ముందు సుడో (అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) పెట్టకండి, ఇవి మీ లాగిన్ కింద నడిచేవి.

ఇంకొక్క మాట. వైర్‌ప్లంబర్ సెట్టింగులు ఎక్కడైనా చూసి మార్చబోతే వెర్షన్ గమనించండి. మీ ఉబుంటులో ఉన్నది 0.4, దాని ఫైళ్లు లువా భాషలో ఉంటాయి. 0.5కి రాసిన ఫైలును అది పట్టించుకోదు, తప్పని కూడా చెప్పదు.