పాఠకుల ప్రశ్నలు: ఫెంగ్‌షుయ్‌లో బల్ల, మూల, ఫౌంటెన్

ప్రశ్న: ఆఫీసులో నాకు ఇచ్చిన గదిలో బల్ల గోడకు ఆనించి ఉంది. కూర్చుంటే తలుపు నా వీపు వెనక ఉంటుంది. ఫెంగ్‌షుయ్ ప్రకారం ఇది తగదని సహోద్యోగి అంటున్నారు. బల్ల జరపడానికి పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ సహోద్యోగి మాట సరైనదే. కూర్చున్న చోటి నుంచి తలుపు కనబడాలి, కాని దానికి సూటిగా ఎదురుపడకూడదు, వీపు వెనక గోడ ఉండాలి అన్నది చైనా వాస్తు అయిన ఫెంగ్‌షుయ్‌లో దాదాపు అన్ని శాఖలూ ఒప్పుకునే సూత్రం. పూర్వం చైనాలో ఊళ్లకూ సమాధులకూ స్థలం ఎంచేటప్పుడు వెనక కొండ, ఇరుపక్కల గుట్టలు, ఎదుట ఖాళీ జాగా, దాని అవతల నీరు ఉన్నాయా అని చూసేవారు. గదిలోకి వచ్చేసరికి కొండ స్థానాన్ని గోడ, ఖాళీ జాగా స్థానాన్ని బల్ల ముందరి నేల తీసుకున్నాయి. ‘చీ’ అనే ప్రాణశక్తిని కొలిచిన పరికరం ఏదీ లేదు కాబట్టి ఆ చర్చ పక్కన పెడదాం. వెనక నుంచి ఎవరు వస్తున్నారో తెలియని మనిషి ఓ చెవి తలుపు వైపు పడేసి పనిచేస్తాడన్నది మాత్రం ఎవరైనా గమనించగలిగినదే.

బల్లను 90 డిగ్రీలు తిప్పే వీలుంటే పొట్టి అంచు గోడకు ఆనేలా వేసుకోండి. తలుపు పక్కచూపుకు అందుతుంది. కుర్చీ వెనక సుమారు 90 సెంటీమీటర్ల జాగా వదిలితే లేచి తిరగడానికి ఇబ్బంది ఉండదు. కిటికీ పక్కన పడితే స్క్రీన్ మీద వెలుగు మెరవదు కాబట్టి అదీ కలిసివస్తుంది. వీపు వెనకకు కిటికీ వచ్చేలా మాత్రం తిప్పుకోవద్దు. ఫెంగ్‌షుయ్ వద్దంటుంది, కళ్లూ వద్దంటాయి. బల్ల అసలే కదలదంటే వీపు భాగం ఎత్తుగా ఉన్న కుర్చీ తెప్పించుకుని, మానిటర్ అంచున అరచేతిలో సగమంత కుంభాకార అద్దం అతికించండి. మీరు మామూలుగా కూర్చునే భంగిమలోనే తలుపు చట్రం మొత్తం అందులో కనబడాలి. మీ ముఖమే కనబడుతుంటే కోణం తప్పినట్టు.

ప్రశ్న: సంపద మూల ఆగ్నేయమని ఒక పుస్తకంలో చదివాను. ముఖద్వారంలో నిలబడి చూస్తే ఎడమవైపు చివరి మూల అని మరొకదానిలో ఉంది. మా ఇంటికి తూర్పు ద్వారం. ఏది పాటించాలి?

జవాబు: అవి రెండు వేర్వేరు పద్ధతులు. మొదటిది దిక్సూచి మీద ఆధారపడినది. ఇంటిని సంపద వంటి ఎనిమిది భాగాలుగా చూపే ‘బాగువా’ అనే పటంలోని భాగాలను ఎనిమిది దిక్కులకు 45 డిగ్రీల చొప్పున పంచుతుంది. రెండోది 1980లలో అమెరికాలో లిన్ యున్ అనే ఫెంగ్‌షుయ్ గురువు ప్రచారంలోకి తెచ్చిన శాఖది. దానికి దిక్కులతో పనిలేదు, ద్వారమున్న గోడే ఆధారం. ద్వారం ఉత్తరపు గోడకు ఉన్నప్పుడే రెండు పటాలూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. మీ తూర్పు ద్వారంలో లోపలికి తిరిగి నిలబడితే ఎడమ చివరి మూల నైరుతి అవుతుంది. ఒక పద్ధతి ఎంచుకుని ఇల్లంతా దానితోనే చూడండి. గదికొక పటం వాడేవారికి ఏ మూలైనా సంపద మూలే.

దిక్సూచి పద్ధతి ఎంచుకుంటే (నా మొగ్గు అటే, అది పాతది కాబట్టి) ఒక జాగ్రత్త అవసరం. చైనా సంప్రదాయ పటాల్లో దక్షిణం పైన ఉంటుంది. ఉత్తరం పైన ఉండే మన ఇంటి ప్లాను మీద దాన్ని తిప్పకుండా పరిస్తే ఆగ్నేయం వాయవ్యంలో పడుతుంది. ఫోనులోని దిక్సూచి కూడా ఇనుప తలుపు, బీరువా దగ్గర దారి తప్పుతుంది కాబట్టి నాలుగైదు చోట్ల, వాటికి దూరంగా కొలిచి చూడండి. ఫెంగ్‌షుయ్ నిపుణులు వాడే లువోపాన్ దిక్సూచిలో 15 డిగ్రీల చొప్పున 24 భాగాలుంటాయి. అందుకే కొద్ది డిగ్రీల తేడాకూ వారు అంత పట్టుబడతారు. 2005లో తెరిచిన హాంకాంగ్ డిస్నీల్యాండ్‌లో ప్రధాన ద్వారాన్ని ఈ లెక్కల ప్రకారమే 12 డిగ్రీలు తిప్పారు.

ప్రశ్న: మా ఆఫీసు రిసెప్షన్ దక్షిణ భాగంలో ఉంది. అక్కడ ఫౌంటెన్ పెడితే వ్యాపారం పెరుగుతుందని సలహాదారు చెప్పారు. పెట్టవచ్చా?

జవాబు: ఆ సలహా ఫెంగ్‌షుయ్ లెక్కకే నిలవదు. చెట్టు, అగ్ని, మట్టి, లోహం, నీరు అనే ఐదు తత్త్వాల్లో దక్షిణానిది అగ్ని; దాన్ని అణచేది నీరు. కాలాన్ని ఇరవయ్యేళ్ల ఖండాలుగా లెక్కించే ‘ఎగిరే నక్షత్రాల’ శాఖ కూడా 2024 నుంచి 2043 వరకు సాగే తొమ్మిదో ఖండంలో నీటిని ఉత్తరాన పెట్టమంటుంది గాని దక్షిణాన కాదు. చెట్టు అగ్నిని పోషిస్తుంది కాబట్టి మీ రిసెప్షన్‌కు చెక్క బల్ల, వెడల్పాటి ఆకుల మొక్కలు పొసగుతాయి. వాటివల్ల వ్యాపారం పెరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. వచ్చినవారికి ఆ గదిలో కూర్చోబుద్ధి అవుతుంది, అంతే.

ప్రశ్న: మంచం దూలం కింద ఉంది, ఎదుట అద్దం ఉంది. రెండూ దోషమేనా?

జవాబు: దూలం కిందనుంచి మంచాన్ని జరపండి, జాగా లేకపోతే కనీసం తల వైపు దాని కిందికి రాకుండా చూసుకోండి. అద్దం గురించి శాఖల మధ్య ఏకాభిప్రాయం లేదు. రాత్రి లేచినప్పుడు అందులోని కదలిక చూసి ఉలిక్కిపడుతుంటే ఒక తెర వేయండి. బిగించిన అద్దాన్ని ఊడదీయనక్కర్లేదు.