కెమికల్ బాండింగ్ బిట్లు ఎన్ని చేసినా తప్పులు పోవడం లేదు, ఎలా ప్రాక్టీస్ చేయాలి?

థియరీ చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, బిట్లకు కూర్చుంటే సగం తప్పులే అన్నారు కదా, ఇంటర్ ఫస్టియర్‌లో నాదీ అచ్చం ఇదే పరిస్థితి. రోజుకు వంద బిట్లు చేసేవాణ్ణి. కీ చూసుకోవడం, టిక్కు పెట్టుకోవడం, అంతే. వీకెండ్ టెస్టులో మళ్ళీ అవే తప్పులు.

నా రోగం ఎక్కడుందో ఒక్క బిట్టుతో తెలిసింది. కార్బన్ టెట్రాక్లోరైడ్, సల్ఫర్ టెట్రాఫ్లోరైడ్, జినాన్ టెట్రాఫ్లోరైడ్ ఇచ్చి ఆకృతులు జతపరచమన్నాడు. నాలుగు పరమాణువులు కనబడగానే మూడూ టెట్రాహెడ్రల్ అనుకున్నాను. ఆప్షన్లలో అలాంటిది లేకపోయేసరికి బుర్ర ఆగిపోయింది.

నిజానికి అది అరనిమిషం పని. మధ్య పరమాణువు వేలెన్సీ ఎలక్ట్రాన్లకు చుట్టూ ఉన్న ఏకసంయోజక (ఫ్లోరిన్, క్లోరిన్‌లా ఒక్క బంధమే ఏర్పరిచే) పరమాణువుల సంఖ్య కలిపి సగం చేయండి, మధ్య పరమాణువు చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్ జంటలున్నాయో తెలుస్తుంది. కార్బన్‌కు నాలుగు ప్లస్ నాలుగు, సగం 4. సల్ఫర్‌కు ఆరు ప్లస్ నాలుగు, సగం 5. జినాన్‌కు ఎనిమిది ప్లస్ నాలుగు, సగం 6. ఇందులోంచి నాలుగు బంధాలు తీసేస్తే ఒంటరి జంటలు (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంటలు) వరుసగా 0, 1, 2. అందుకే మొదటిది టెట్రాహెడ్రల్, రెండోది సీ-సా, మూడోది స్క్వేర్ ప్లేనార్. సగం చేసేముందు రుణావేశం ఉంటే కలపాలి, ధనావేశం ఉంటే తీసెయ్యాలి. చుట్టూ ఉన్నది ఆక్సిజన్ అయితే దాన్ని లెక్కలో కలపకూడదు, నేను ఎక్కువసార్లు దొరికిపోయింది ఇక్కడే. సల్ఫేట్‌కు ఆరు ప్లస్ రుణావేశం రెండు, సగం 4. అంతే, హైబ్రిడైజేషన్ ఎస్‌పీ3.

ఆ రోజు నుంచి వందకు బదులు పాతిక బిట్లే చేశాను. కానీ ప్రతిదానికీ రఫ్ పేపర్ మీద బొమ్మ గీసేవాణ్ణి, మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో కూడా చూసేవాణ్ణి. మొదట్లో విసుగే. పక్కవాళ్ళు పేజీలు తిప్పేస్తుంటే మనం వెనకబడ్డామనిపిస్తుంది. ఓ నెల పోతే బొమ్మ కాగితం మీద అక్కర్లేకుండా తలలోనే పడుతుంది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, కెమిస్ట్రీ 40 బిట్లు తొందరగా ముగిస్తేనే మాథ్స్‌కు టైమ్ మిగులుతుంది కాబట్టి అది అవసరం కూడా.

రెండు పరమాణువుల అణువుల్లో బాండ్ ఆర్డర్‌కు (వాటి మధ్య ఎన్ని బంధాలో చెప్పే సంఖ్యకు) షార్ట్‌కట్ అందరూ చెబుతారు: మొత్తం 14 ఎలక్ట్రాన్లకు 3, అటూ ఇటూ ఒక్కో ఎలక్ట్రాన్‌కు అర తగ్గుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌కు 15, అంటే 2.5. సూపర్ ఆక్సైడ్‌కు 17, అంటే 1.5. వాడుకోండి, తప్పులేదు. కానీ సరిసంఖ్య కనబడగానే డయామాగ్నెటిక్ (ఎలక్ట్రాన్లన్నీ జతకట్టినది) అని పెట్టేయకండి. బోరాన్ అణువుకు 10, ఆక్సిజన్‌కు 16, రెండూ పారామాగ్నెటిక్కే, అంటే జతకట్టని ఎలక్ట్రాన్లు ఉన్నవే. ఈ రెంటికీ ఆర్బిటాళ్ళ క్రమం ఒకటి కాదు, కనీసం రెండుసార్లు చేత్తో నింపి చూడండి.

ద్విధ్రువ భ్రామకం (డైపోల్ మూమెంట్) బిట్లకు మాత్రం షార్ట్‌కట్ వెతక్కండి. అమ్మోనియాకు 1.47 డిబై ఉంటే, ఫ్లోరిన్ అంత రుణవిద్యుదాత్మకమైనా నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌కు 0.24 దాటదు. రెండోదాంట్లో ఒంటరి జంట ఒకవైపు, బంధాలు ఇంకోవైపు లాగుతుంటాయి. బాణాలు గీస్తేనే అది కంటికి కనబడుతుంది.