పాపను అంగన్‌వాడీకి పంపాలా, అప్పు చేసి ఎల్కేజీలో వేయాలా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి జీవకోన. పాపకు మూడున్నరేళ్లు. మా ఆయన ఆటో నడుపుతాడు, నేను రేణిగుంట వైపు కంపెనీకి పోతాను. పక్క వీధిలోనే అంగన్‌వాడీ ఉంది, కానీ మా అత్త 'అక్కడ గుడ్డు పెట్టి పడుకోబెడతారు, అంతే' అంటోంది. ప్రైవేటు స్కూల్లో ఎల్కేజీ ఫీజు విన్నాక ఒకటే టెన్షన్. అప్పు చేసైనా వేయాలా?

జవాబు: అప్పు మాత్రం చేయొద్దమ్మా. ఈ వయసులో చదువంటే నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు దిద్దించడం కాదు. పాట, కథ, చింతగింజలు లెక్కపెట్టడం, టీచరు 'ఎందుకు?' అంటే సొంతంగా ఒక మాట చెప్పడం, ఇదే చదువు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడేళ్ల నుంచి ఆటపాటలతోనే నేర్పమంది.

1960ల్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పెర్రీ ప్రీస్కూల్ అని ఒకటి నడిచింది. 123 మంది పేద పిల్లల్లో 58 మందిని అందులో చేర్చుకుని, మిగిలిన వాళ్లతో పోలుస్తూ వాళ్లకు నలభై ఏళ్లు వచ్చేదాకా గమనిస్తే, అక్కడ చదివినవాళ్లలో ఎక్కువమంది హైస్కూలు పూర్తిచేశారు, సంపాదన కూడా మెరుగ్గా ఉంది. అయితే అక్కడ శిక్షణ పొందిన టీచర్లున్నారు, ఒక్కొక్కరి దగ్గర కొద్దిమంది పిల్లలే, వారం వారం టీచరు ఇంటికొచ్చి తల్లితో మాట్లాడేది.

మన దగ్గర లోటు అక్కడే ఉంది. మీ అత్తగారి మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో ఒకే టీచరు గర్భిణుల లెక్కలు, పిల్లల బరువులు, రిజిస్టర్లు, ఫోన్లో పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో వివరాలు ఎక్కించడం, అన్నీ చూసుకుంటూ పాఠమూ చెప్పాలి. ఆమెను తిట్టి లాభం లేదు, చదువు చెప్పడానికే ఇంకో మనిషిని ఇవ్వమని మనం అడగాలి. విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచే హక్కు ఇస్తుంది, ఆ లోపు పిల్లలకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అని వదిలేసింది. అది 'చేయాలి' అని మారాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆరేళ్లలోపు పిల్లలు నలభైమంది ఉండి అంగన్‌వాడీ కేంద్రం లేని బస్తీవాళ్లు అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇది మీ కంపెనీలో తోటివాళ్లకూ చెప్పండి.

మీరు కంపెనీకి ఒక రోజు సెలవు పెట్టి, పొద్దున పాపను తీసుకుపోయి కేంద్రంలో రెండు గంటలు కూర్చోండి. పిల్లలు మాట్లాడుతున్నారా, బొమ్మలు చేతికిస్తున్నారా, బీరువాలోనే ఉన్నాయా, బాత్‌రూము ఎలా ఉందో చూడండి. బాగుంటే చేర్పించండి. బాగాలేకపోతే నలుగురు తల్లులు కలిసి అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కు కాగితం రాసివ్వండి. మీ షిఫ్టు అయ్యేదాకా కేంద్రం తెరిచి ఉండదు కదా, ఆ మధ్య గంటలు అత్తగారు చూసుకోగలరేమో ముందే ఆమెతో మాట్లాడుకోండి.