మూడు పూజా మందిరాలు అమ్మితే వారంటీ పోతుందా?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. హైదరాబాద్ నల్లకుంటలో సొంతిల్లు. వెనకాల రేకుల షెడ్డు వేసుకుని సరదాగా చెక్కపని చేస్తుంటాను. 7 నెలల క్రితం ఆన్‌లైన్‌లో రూ.18,500 పెట్టి టేబుల్ సా (బల్లకు బిగించిన కరెంటు రంపం) కొన్నాను. ఏడాది వారంటీ ఉంది. పోయిన నెల టేకు పలక కోస్తుంటే కాలిన వాసన వచ్చి మోటారు ఆగిపోయింది. సర్వీస్ సెంటర్ కుర్రాడు మాటల మధ్యలో ‘చేసినవి అమ్ముతారా సార్?’ అనడిగాడు. తెలిసినవాళ్లకు మూడు పూజా మందిరాలు అమ్మానని చెప్పాను. వెంటనే జాబ్ షీటు (రిపేరు వివరాలు రాసే కాగితం) మీద ‘కమర్షియల్ వాడకం, వారంటీ వర్తించదు’ అని రాసేశాడు. ఆర్మేచర్ (మోటారులో తిరిగే చుట్ట) మార్చడానికి రూ.6,800 అడుగుతున్నారు. కేసు వేయొచ్చా? మందిరాల సంగతి చెప్పకుండా ఉంటే మంచిదా? ఇది చాలదన్నట్టు, సౌండు ఎక్కువైందని పోలీసులకు చెబుతామని పక్కింటివాళ్లు అంటున్నారు. షెడ్డు ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: మందిరాల సంగతి దాచొద్దండి. అది ఇప్పటికే జాబ్ షీటు ఎక్కింది. పైగా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుతో పాటు అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇవ్వాలి. అందులో ఒక్క అబద్ధం బయటపడితే మిగతా నిజాలను కూడా ఎవరూ నమ్మరు. అసలు ఆ మందిరాల వల్ల మీకు వచ్చే నష్టం మీరు అనుకుంటున్నంత ఉండదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు రెండు వేర్వేరు విషయాలను ఒకే ముక్కలో కలిపేశారు. చట్టం ప్రకారం మీరు వినియోగదారు అవునా కాదా అన్నది ఒకటి. వారంటీ కార్డులో ఏం రాసి ఉందన్నది రెండోది.

మొదటిదానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం చూడాలి. వ్యాపార అవసరానికి కొన్నవాళ్లు వినియోగదారులు కారని సెక్షన్ 2(7) చెబుతుంది. కానీ స్వయంఉపాధితో పొట్టపోసుకోవడానికి కొని వాడుకునేవాళ్లను అదే సెక్షన్ వ్యాపారం కింద లెక్కించదు. సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో దీన్ని విడమరిచి చెప్పింది. బతుకుతెరువు కోసం లేత్ మిషన్ కొని తానే నడుపుకునే మనిషి కూడా వినియోగదారే అంది. (ఆ కేసు వేసిన సంస్థ మాత్రం గెలవలేదు. వాళ్లు కొన్నది వ్యాపారానికే అని తేలింది.) మీకు పెన్షన్ వస్తోంది కాబట్టి ‘ఇదే నా బతుకుతెరువు’ అనే దారి పట్టొద్దు, అతకదు. ఉన్నదున్నట్టు చెప్పండి: సరదాకి కొన్నాను, ఎక్కువగా ఇంటికే చేసుకున్నాను, అడిగిన ముగ్గురికి చేసిచ్చాను. చెక్క ఖర్చు పోను ఎంత మిగిలిందో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. లాభం కోసమే కొన్నారని నిరూపించాల్సిన భారం కంపెనీవాళ్లది.

ఇక వారంటీ కార్డు. ‘గృహ వినియోగానికి మాత్రమే’ అని ఉందేమో ఒకసారి చదవండి. ఉంటే, ఆ షరతు కొనేటప్పుడు ఆన్‌లైన్ పేజీలో కనిపించిందా లేక పెట్టె విప్పాకే తెలిసిందా అన్నది మీకు పనికొచ్చే పాయింటు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వారంటీ వివరాలు కొనేవాళ్లకు ముందే చూపించాలి. ఆ పేజీ ఇంకా ఉంటే ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రేపు మారిపోవచ్చు.

నన్ను ఆలోచనలో పడేసింది మందిరాలు కాదు, మీరు పంపిన రెండో ఫొటో. వంటింటి కిటికీలోంచి షెడ్డు దాకా సన్నటి తెల్ల ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడుతోంది. చివర మూడు ప్లగ్గుల బోర్డు, అందులోనే ఫ్యాను, అందులోనే టేబుల్ సా. 1,500 వాట్ల మోటారు 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. టేకు పలక అడ్డం పడితే ఇంకా ఎక్కువ లాగుతుంది. పొడవాటి సన్న వైరులో వోల్టేజీ పడిపోతే మోటారు మూలుగుతూ వేడెక్కుతుంది, చివరికి కాలుతుంది. మాన్యువల్‌లో వైరు మందం, పొడవు గురించి ఒక పేజీ ఉంటుంది. కంపెనీ లాయరు ఆ పేజీ తెరిచాడంటే మందిరాల మాటే ఎత్తడు. కాబట్టి ఆ పేజీ ముందు మీరే చదవండి. వైరు అందులో చెప్పిన మందమే అయితే ధైర్యంగా వెళ్లండి. కాకపోతే రిపేరు ఖర్చులో సగం వాళ్లు భరించేలా రాజీ మాట్లాడుకోవడం మేలు. నా ఫీజు పోయినా సరే, ఇదే చెబుతాను.

అందాకా మిషన్ విప్పనివ్వకండి. లోపం పరీక్షిస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ దాన్ని లేబొరేటరీకి పంపగలదు. ఆ ఫీజు ముందు మీరే కట్టాలి. ఆగలేక డబ్బు కట్టి బాగు చేయించుకుంటే, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, కాలిన ఆర్మేచర్ అడిగి తెచ్చుకోండి. రాణిగంజ్‌లో మోటార్లు బాగుచేసే అనుభవజ్ఞుడికి చూపించి, ఎందుకు కాలిందో రాయించుకుంటే ఇంకా మంచిది. నోటిమాట పనికిరాదు, ఆయన అఫిడవిట్ ఇవ్వాలి.

కంపెనీకి, అమ్మినవాళ్లకు, ఆ వెబ్‌సైటు గ్రీవెన్స్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) ఒకే ఉత్తరం పంపండి. ఆ ఆఫీసరు 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించండి. కొన్నిసార్లు అక్కడే తెగిపోతుంది. లేదంటే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా మీరుండే చోటే వేయొచ్చు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. తీర్పు మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో రావాలని చట్టంలో ఉంది. వాయిదాలకు మాత్రం సిద్ధపడే వెళ్లండి.

ఫొటోలో ఇంకోటి కూడా చూశాను. బ్లేడు మీద ఉండాల్సిన గార్డు గోడకు మేకుకి వేలాడుతోంది. మోటారు కాలడానికి దానికీ సంబంధం లేదు. కానీ రేపు వేలు తెగితే, మిషన్‌ను మార్చి వాడారన్న ఒక్క మాటతో అమ్మినవాళ్లు అదే 2019 చట్టం సెక్షన్ 87 కింద తప్పించుకుంటారు. బిగించేయండి సార్.

పక్కింటి గొడవకొస్తే, నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. పగలే కదా అని ఎంత సౌండైనా చేయొచ్చనుకోకండి. తిరుగుతున్న బ్లేడు దగ్గర మోత 90 దాటుతుంది, రేకుల షెడ్డు దాన్ని ఆపదు. పరిమితిని 10 డెసిబెల్స్ దాటితే వాళ్ల ఫిర్యాదుకు బలం ఉన్నట్టే. ఎటూ మిషన్ మూలపడింది కాబట్టి, ఈ లోపు వాళ్లింటికెళ్లి ఏ టైములో కోస్తే ఇబ్బంది ఉండదో అడగండి. నాలుగో మందిరం చేసేటట్టుంటే అది వాళ్లకే ఇవ్వండి. డబ్బులు మాత్రం తీసుకోకండి.