పీక్ వేళల డీజిల్ కేంద్రంలో చేరుతున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

కోజికోడ్ దగ్గరి నల్లళం డీజిల్ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు ఇంజనీరుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. 1999లో ఒక్కొక్కటి 16 మెగావాట్ల చొప్పున ఎనిమిది ఇంజన్లతో ఏర్పడిన ఆ కేంద్రాన్ని రోజంతా నడపడం గిట్టుబాటు కాదు. సాయంత్రం ఆరు నుంచి పది వరకు కేరళలో వాడకం పెరిగి, ఇడుక్కి వంటి జలాశయాల్లోని నీటిని పొదుపుగా వాడుకోవలసి వచ్చినప్పుడే అలాంటి కేంద్రాల అవసరం పడుతుంది. కాబట్టి నీ ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆగి ఉన్న ఇంజన్లను కనిపెట్టుకుని ఉండడమే.

ముందుగా ఇంధనం వేడి చూసుకో. ఈ ఇంజన్లలో వాడే ఎల్‌ఎస్‌హెచ్‌ఎస్ (గంధకం తక్కువగా ఉండే బరువు నూనె) చల్లబడితే గొట్టాల్లోనే మైనంలా పేరుకుంటుంది. ట్యాంకులో ఉష్ణోగ్రత సరిగా ఉందని ప్యానెల్ చూపించినంత మాత్రాన నిశ్చింతగా కూర్చోకు. వాల్వుల దగ్గర, గొట్టాల వంపుల్లో ఇన్సులేషన్ ఊడిన చోటే మొదట గడ్డకడుతుంది కనుక, షిఫ్టు మొదట్లోనే ఆ దారంతా నడిచి చూసి రా. మళ్లీ ఎప్పుడు నడపమంటారో తెలియనప్పుడు, ఆపే ముందు లోడు తగ్గించి డీజిల్‌కు మార్చి, పంపుల్లోనూ ఇంజెక్టర్లలోనూ ఉన్న బరువు నూనె పూర్తిగా పోయేదాకా నడిపిన తరువాతే ఆపించు.

స్టార్ట్ చేసే ముందు చేయవలసిన ఒక పనిని మాత్రం ఎవరు తొందరపెట్టినా వదలవద్దు. ఇంజన్ కదిలేముందే బేరింగులకు నూనె అందించే ప్రీ-లూబ్ పంపు నడుస్తుండగా, ప్రతి సిలిండరుకూ ఉండే చిన్న కవాటాలైన ఇండికేటర్ కాక్‌లన్నీ తెరిచి, ఇంజన్‌ను మోటారుతో మెల్లగా తిప్పే టర్నింగ్ గేర్‌తో నిదానంగా తిప్పించి, ప్రతి కాక్ దగ్గరా స్వయంగా నిలబడి చూడు. ఎక్కడైనా నీటి తుంపర కనిపిస్తే ఆ ఇంజన్‌ను పక్కన పెట్టి, ఏ కేంద్రం ఎప్పుడు నడవాలో చెప్పే లోడ్ డిస్పాచ్ సెంటర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీరు అణగదు, సిలిండర్లో అది ఉండగా ఒత్తిడితో నింపిన గాలితో స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది, పదిహేను నిమిషాల ఆలస్యంతో పోయేది నెలల మరమ్మతు అవుతుంది. అంతా బాగుంటే కాక్‌లు మూయించి, టర్నింగ్ గేర్ విడిపోయిందని కళ్లారా చూసుకున్నాకే గాలి వదలనివ్వు.

సిలిండర్ల చుట్టూ తిరిగే జాకెట్ నీరు ఎప్పుడూ వేడిగా ఉండాలి, స్టార్ట్ చేసే గాలిని నిల్వ ఉంచే సీసాల అడుగున చేరిన నీటిని ప్రతి షిఫ్టులోనూ వదిలించాలి. గ్రిడ్‌కు కలిపిన వెంటనే పూర్తి లోడు అడిగినా, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతలు అన్ని సిలిండర్లలోనూ దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూస్తూ మెట్టుమెట్టుగా పెంచు. తేడా కనిపించిన సిలిండరు నంబరు లాగ్ బుక్‌లో రాసి, తరువాతి షిఫ్టు వారికి నోటితో కూడా చెప్పి మరీ ఇంటికి వెళ్లు.

ఇట్లు,
మీ మామయ్య