సమాధానం: ఒకే విద్యార్థులు, రెండు పరీక్షలు, రెండు శాతాలు

అమలాపురం విద్యార్థులకు మీరు చూపిన కాలువ లాకులు, రేవు దాటించే పంటుల ఫొటోలు గుర్తున్నాయా అని పరీక్షిస్తే, ‘చూశాను–చూడలేదు’ పద్ధతిలో 67 శాతం, ఒక పాత, ఒక కొత్త ఫొటోల జంటలో ముందు చూసినదాన్ని ఎంచుకునే పద్ధతిలో 76 శాతం ఒప్పులు వచ్చాయని, ఏది నమ్మాలని అడిగారు. రెండూ నమ్మదగ్గవేనండి.

మొదటి పరీక్షలో చూసినవాటికి 84 శాతం, చూడనివాటికి సైతం 50 శాతం ‘చూశాను’ అన్నారంటే, వారు కాస్త ఉదారంగానే ఒప్పేసుకున్నారు. ఆ మొగ్గును పక్కనపెట్టి, ఈ రెండు శాతాల జెడ్ విలువల (శాతాన్ని గంట ఆకారపు వక్రరేఖపై స్థానంగా మార్చే అంకెల) తేడా తీస్తే డీ-ప్రైమ్, అంటే పాతవాటిని కొత్తవాటి నుంచి వేరుచేయగల శక్తికి కొలత, సుమారు 1 వస్తుంది. జంటలో ఆ మొగ్గుకు చోటులేదు, పైగా పోల్చిచూసే వీలుంది కనుక 76 శాతానికి జెడ్ విలువైన 0.71ని √2తో గుణించాలి. అదీ 1 దగ్గరే తేలుతుంది.

అయితే జంటలోని కొత్త ఫొటో అదే లాకును మరో కోణంలో తీసినదైతే, రెంటి పరిచయభావమూ (‘ఇది ఎక్కడో చూశాను’ అనిపించడం) కలిసి పెరిగి తరుగుతుంది కాబట్టి √2 లెక్క చెల్లదు. మీ జంటలను ముందుగా అక్కడే సరిచూసుకోండి.