మారియో లెమ్యూ తాను ఆడిన జట్టుకే యజమాని ఎలా అయ్యారు?

జీతం బాకీ వల్ల. ఈ కెనడా ఐస్ హాకీ ఆటగాడు 1984 నుంచి అమెరికా జట్టు పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్‌కు ఆడారు. ఆయన సారథ్యంలో జట్టు 1991, 1992లలో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా హాకీ లీగ్) విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది. 1993 జనవరిలో ఆయనకు హాడ్జ్‌కిన్స్ అనే క్యాన్సర్ బయటపడింది. చివరి రేడియేషన్ చికిత్స చేయించుకున్న రోజు రాత్రే ఫిలడెల్ఫియాలో మ్యాచ్ ఆడి గోల్ కొట్టారు! ఆ సీజన్‌లో ఆడినవి 60 మ్యాచ్‌లే. గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌లు) కలిపి 160 పాయింట్లతో లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచారు. నన్నడిగితే రెండు కప్పులకన్నా ఇదే గొప్ప.

వెన్నునొప్పి మాత్రం వదల్లేదు. 1997లో రిటైరయ్యారు. మరుసటి ఏడాది క్లబ్ దివాలా తీసింది. అప్పటికి ఆయనకు రావలసిన పాత జీతమే 3 కోట్ల డాలర్లకు పైన. ఆ డబ్బు పూర్తిగా చేతికొచ్చే దారి లేదు. అందుకే అందులో చాలా భాగాన్ని వాటాగా మార్చుకుని, మరికొందరు పెట్టుబడిదారులతో కలిసి 1999లో జట్టును సొంతం చేసుకున్నారు. దాంతో జట్టు వేరే ఊరికి తరలిపోకుండా పిట్స్‌బర్గ్‌లోనే నిలిచింది.

2000 డిసెంబర్ 27న మళ్లీ మైదానంలో దిగి, మొదటి నిమిషంలోనే అసిస్ట్ అందించారు. అలా యజమానిగా ఉంటూనే ఆడుతూ, 2006 జనవరిలో ఆటకు మళ్లీ వీడ్కోలు చెప్పారు. మొత్తం 915 మ్యాచ్‌లు, 690 గోల్స్.